373వ లైనులో ఆగిన బిల్డ్

(కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాది విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకు మైకు వినపడుతోందా? సరే.

మీ మేడం గారు ఫోన్ చేసినప్పుడు "ఏఐ మీద ఏమైనా చెప్పండి సార్, పిల్లలు ఇష్టంగా వింటారు" అన్నారు. ఏఐ గురించి నాకు మీకంటే ఎక్కువేం తెలియదు. నాకు తెలిసిన పని ఒకటే, ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. వేరేవాళ్ళు రాసిన కోడ్‌ను బిల్డ్ చేయడం, అంటే మిషన్ నడిపే ప్రోగ్రాంగా మార్చడం, అది ఆగిపోతే ఎందుకు ఆగిందో వెతకడం. పెళ్ళిలో వంటవాడి లాంటి ఉద్యోగం ఇది. అన్నీ బాగుంటే మన పేరు ఎవరూ తలవరు. సాంబారులో ఉప్పు ఎక్కువైందా, పందిరి మొత్తం మన వైపే చూస్తుంది.

కాబట్టి నా వంటింటి కథే చెప్తాను. 2022 నాటి మాట. నేను పనిచేసే చోట అప్పటికి చాలా ఏళ్ళుగా ఒక చిన్న పెట్టె అమ్ముతున్నారు. లోపల ఏఆర్ఎం చిప్పు, దాని మీద లైనక్స్ 3.4 కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ. ఫ్యాక్టరీలో ఏదో ఒక గోడకు తగిలించి ఉంటుంది, మీటర్ల రీడింగులు సర్వరుకు పంపిస్తూ ఉంటుంది. పెట్టిన రోజు తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక కస్టమర్ దాంట్లో సెక్యూరిటీ లోపం పట్టుకున్నారు. సరిచేయాల్సింది ఒక సీ ఫైలులో ఒకే ఒక లైను. "భోజనం లోపు అయిపోతుంది" అని మేనేజర్‌కు మాటిచ్చాను. ఆ మాట అన్నందుకు మా టీంలో ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు.

ఆ ఫర్మ్‌వేర్‌ను, అంటే పెట్టె లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను, బిల్డ్ చేసే పాత మిషన్ ఒకటి సర్వర్ రూములో ఉండేది. దాని మీద ఎవరో తెల్ల కాగితం అతికించి స్కెచ్ పెన్నుతో "ఆపకండి" అని రాశారు. ఆఫీసు మారినప్పుడు ఆపారు. మళ్ళీ లేవలేదు. అయినా నాకు టెన్షన్ లేదు. సోర్స్ కోడ్ మొత్తం గిట్‌లో భద్రంగా ఉంది. క్రాస్ కంపైలర్ కూడా దాచాం, అంటే ఇంటెల్ మిషన్ మీద కూర్చుని ఏఆర్ఎం చిప్పు కోసం కోడ్ తయారుచేసే పాత కంపైలర్. ఇంకేం కావాలి? కొత్త ల్యాప్‌టాప్, దాంట్లో కొత్త ఉబుంటు. బిల్డ్ మొదలుపెట్టే కమాండు మేక్ అని కొట్టి టీకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బిల్డ్ ఆగి ఉంది. ఆగింది మా కోడ్‌లో కాదు, కెర్నల్‌లోనూ కాదు. ఎం4 అనే ఒక పాత టూల్‌లో. మేం ఫర్మ్‌వేర్ కట్టడానికి వాడే బిల్డ్‌రూట్‌కు ఒక అలవాటు ఉంది, ఫర్మ్‌వేర్ కట్టే ముందు దానికి కావాల్సిన పనిముట్లను కూడా తనే బిల్డ్ చేసుకుంటుంది. అవి మన మిషన్ మీద నడవాలి కాబట్టి మన మిషన్‌లోని కొత్త కంపైలర్‌తోనే, కొత్త లైబ్రరీతోనే బిల్డ్ అవుతాయి. ఎర్రర్ ఏమిటంటే, 'గెట్స్' అనే పేరు ఇక్కడ డిక్లేర్ కాలేదట.

గెట్స్ ఎవరో మీకు తెలుసుగా? ఫస్టియర్ ల్యాబులో వాడి ఉంటారు. కీబోర్డు నుంచి ఒక లైను చదివి మీరిచ్చిన అర్రేలో పోస్తుంది. అర్రే ఎంత పెద్దదో అడగదు, ఎందుకంటే అడగడానికి దానికి రెండో ఆర్గ్యుమెంటే లేదు. గ్లాసు నిండినా పోస్తూనే ఉండే మనిషి లాంటిది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్, అంటే ఒక మిషన్ నుంచి ఇంకోదానికి తనే పాకే ప్రోగ్రాం, వచ్చినప్పుడు అది దూరిన దారుల్లో ఒకటి ఇదే. మిషన్ మీద ఎవరున్నారో చెప్పే ఫింగర్ సర్వీసులో 512 బైట్ల బఫర్ పెట్టుకుని గెట్స్‌తో చదివేవారు, వార్మ్ అంతకంటే పొడుగైన లైను పంపింది. అంత జరిగాక కూడా గెట్స్‌ను సీ ప్రమాణం నుంచి తీసేసింది సీ11లో, అంటే 2011లో. ఇరవై మూడేళ్ళు! తీయడం తప్పని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆలస్యమైంది, అంతే.

కానీ అసలు తమాషా ఇక్కడ ఉంది. ఎం4 గెట్స్‌ను వాడదు. ఒక్కచోట కూడా పిలవదు. మరి ఎర్రర్ ఎందుకొచ్చింది? ఎం4 లోపల గ్నూలిబ్ అనే లైబ్రరీ కాపీ ఒకటి ఉంటుంది. అందులోని హెడ్డర్ ఫైలులో ఒక మంచి మనిషి ఒక లైను రాశాడు. ఎవరైనా గెట్స్ వాడితే "ఇది భద్రతకు చిల్లు, దీని బదులు ఎఫ్‌గెట్స్ వాడండి" అని హెచ్చరించు అని. ఆ హెచ్చరిక పనిచేయాలంటే గెట్స్ అనేది ఒకటి ఉండాలి. 2012లో, సీ ప్రోగ్రాములకు పునాదిలా ఉండే లైబ్రరీ జీలిబ్‌సీ 2.16 వచ్చినప్పుడు హెడ్డర్లలోంచి గెట్స్‌ను చాలా సందర్భాల్లో దాచేసింది. అంతే, దొంగ ఊరు వదిలి వెళ్ళిపోయాడు, "దొంగ ఉన్నాడు జాగ్రత్త" అన్న బోర్డు తగిలి జనం పడిపోతున్నారు. [నవ్వులు] అప్పట్లో ఎం4 ఒక్కటే కాదు, గ్నూలిబ్ కాపీ లోపల పెట్టుకున్న ఎన్నో ప్యాకేజీలు ఇలాగే ఆగాయి.

ఆ లైను తీసేశాను. అదే ఎం4 ఇంకో రెండు చోట్ల ఆగింది, ఆ కథలు వదిలేస్తాను. సాయంత్రానికి కెర్నల్ దాకా వచ్చాను.

కెర్నల్‌లో డీటీసీ అని ఒక బుల్లి కంపైలర్ ఉంటుంది, బోర్డు మీద ఏయే పరికరాలున్నాయో చెప్పే ఫైలును బైనరీగా మార్చుతుంది. ఇదీ మన మిషన్ మీద నడిచేదే. కంపైల్ అయిన ముక్కలను కలిపే లింకర్ అంటోంది, 'వైవైలాక్' అనే వేరియబుల్‌కు రెండు డెఫినిషన్లు ఉన్నాయి అని. నిజమే, రెండు ఫైళ్ళలో ఉంది. పదేళ్ళుగా ఉంది. ఇంతకాలం మా సీ కంపైలర్ జిసిసి ఇలాంటివి చూస్తే "పోనీలే, ఇద్దరూ ఒకరే అయ్యుంటారు" అని కలిపేసేది. భాష ప్రమాణం ఇచ్చిన హక్కు కాదది, కంపైలర్ పెద్దమనసుతో ఇచ్చిన సదుపాయం. 2020లో వచ్చిన జిసిసి 10 ఆ సదుపాయాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. మందు చాలా చిన్నది, ఒక డెఫినిషన్ ముందు 'ఎక్స్‌టర్న్' అని చేరిస్తే చాలు. కాకపోతే ఆ మాట చేర్చాలని తెలుసుకోవడానికి గంటన్నర పట్టింది.

రాత్రి తొమ్మిదిన్నరకు, క్యాంటీన్ కూడా మూసేశాక, మూడోది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈసారి పెర్ల్. నా బ్యాచ్‌మేట్లలో చాలామంది పెర్ల్ రాసి బతికారు, మీలో ఎవరైనా చూశారా? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. సరే. కెర్నల్ బిల్డ్‌లో టైంకాన్‌స్ట్ అనే పెర్ల్ స్క్రిప్టు ఒకటి ఉండేది. గడియారం టిక్కులను మిల్లీసెకన్లలోకి, మైక్రోసెకన్లలోకి మార్చడానికి కావాల్సిన స్థిరాంకాలు లెక్కగడుతుంది. మామూలుగా వాడే టిక్కు వేగాలకు లెక్క ముందే చేసి ఒక పట్టికలో పెట్టారు. పట్టికలో దొరక్కపోతేనే లెక్కగట్టాలి. దొరికిందా లేదా అని చూసే లైను 373వది. అక్కడ "@వాల్ అనే అర్రే డిఫైన్ అయిందా" అని అడుగుతుంది.

పెర్ల్ వాళ్ళకు ఈ ప్రశ్నే నచ్చలేదు. అర్రే ఎప్పుడూ ఉంటుంది, ఖాళీగా ఉందా లేదా అని అడగండి, డిఫైన్ అయిందా అంటే అర్థమేంటి అన్నారు. అది న్యాయమే. 5.6.1 నుంచే, అంటే 2001 నుంచే దాన్ని డెప్రికేటెడ్, అంటే ఇక వాడొద్దు, తీసేయబోతున్నాం అన్నారు. 5.16 నుంచి హెచ్చరికలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. 2015లో 5.22 వచ్చినప్పుడు దాన్ని ప్రాణాంతకమైన ఎర్రర్ చేశారు. ఎర్రర్ మెసేజ్ ఎంత మర్యాదగా ఉంటుందంటే, బ్రాకెట్లో "బహుశా డిఫైన్డ్ అన్న మాట తీసేస్తే సరిపోతుందేమో" అని సలహా కూడా ఇస్తుంది. సలహా సరైనదే. ఆ ఒక్క మాట తీసేశాను, బిల్డ్ కదిలింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చూడండి. పెర్ల్ 5.16 విడుదలైంది 2012 మే నెలలో. మా పెట్టెలోని లైనక్స్ 3.4 విడుదలైంది కూడా 2012 మే నెలలోనే. అంటే పెర్ల్ గొంతెత్తి హెచ్చరించడం మొదలుపెట్టిన నెలలోనే మా కెర్నల్ గడ్డకట్టింది. అసలు లైనక్స్‌లో ఆ స్క్రిప్టునే 2013లో తీసేసి బీసీ అనే క్యాలిక్యులేటర్ భాషలో రాసుకున్నారు. వాళ్ళ వరకు సమస్య తీరిపోయింది. మా దగ్గరున్న కాపీకి ఆ కబురు అందలేదు. హెచ్చరిక వచ్చిన రోజుల్లో మా పాత మిషన్‌లో పాత పెర్ల్ ఉంది, అది హెచ్చరించదు. కొత్త పెర్ల్ వచ్చేసరికి హెచ్చరిక దశ దాటిపోయింది, నేరుగా శిక్షే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. తీసేయబోయే ముందు ఎన్నేళ్ళు గడువిచ్చారన్నది అందరూ లెక్కపెడతారు. ఆ గడువులో హెచ్చరిక ఎవరి చెవిన పడిందన్నది ఎవరూ అడగరు. రోజూ కంపైల్ చేసేవాడికి హెచ్చరిక అక్కర్లేదు, వాడు ఎలాగూ సర్దుకుంటాడు. పదేళ్ళకోసారి బిల్డ్ చేసేవాడికి అది అవసరం, కానీ హెచ్చరిక వచ్చే రోజుల్లో వాడు కంప్యూటర్ ముందు ఉండడు. చెవిటివాడి ముందు శంఖం ఊదారని కూడా అనలేం. శంఖం ఊదినప్పుడు మనిషే లేడు అక్కడ.

పైథాన్ సంగతి చూడండి, మీకు దగ్గరగా ఉంటుంది. 'కలెక్షన్స్' మాడ్యూల్ నుంచి 'మ్యాపింగ్' అనే క్లాస్‌ను ఇంపోర్ట్ చేసుకునేవాళ్ళం. 3.3లో, అంటే 2012లో, దాని ఇల్లు మారింది, 'కలెక్షన్స్ డాట్ ఏబీసీ'కి వెళ్ళింది. పాత అడ్రస్‌కు వచ్చిన ఉత్తరాలు కూడా చేరవేస్తూ ఉన్నారు. 3.9లో ఆపేద్దామనుకుని, ఇంకా చాలామంది పాత అడ్రస్సే వాడుతున్నారని చూసి ఒక వెర్షన్ వాయిదా వేశారు. 2021 అక్టోబరులో 3.10తో ఆపేశారు. తొమ్మిదేళ్ళ గడువు. సరిపోదా అంటే, సరిపోవాలి. కానీ పైథాన్ డెప్రికేషన్ హెచ్చరికలను మామూలుగా చూపించదు. మీరు నేరుగా నడిపే స్క్రిప్టులో ఉంటే చూపిస్తుంది, అదీ 3.7 నుంచి. మీరు ఇంపోర్ట్ చేసుకున్న లైబ్రరీలో ఉంటే కిమ్మనదు. కారణం కూడా మంచిదే, వాడుకరికి అర్థంకాని హెచ్చరికలు చూపించి ఏం లాభం అని. ఫలితం మాత్రం ఏంటంటే, మీ ప్రాజెక్టు వాడే లైబ్రరీ, అది వాడే ఇంకో లైబ్రరీ, దాన్ని రాసినాయన 2016లో వదిలేసి వెళ్ళిపోయాడు, దాంట్లో ఒక ఇంపోర్ట్ లైను. తొమ్మిదేళ్ళు నిశ్శబ్దం, ఒకరోజు పొద్దున్నే ఇంపోర్ట్ ఎర్రర్.

మా దగ్గర ఇంకోటి జరిగింది, 2023 చివర్లో. జూనియర్ ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, బిల్డ్ పోయింది. ఎవరూ ఏమీ మార్చలేదన్నా." ఈ రెండో వాక్యం వింటే నాకు నవ్వొస్తుంది, మా వృత్తిలో ప్రతి కథా దాంతోనే మొదలవుతుంది. ఎర్రర్ చదవమన్నాను. 'డిస్ట్‌యుటిల్స్' అనే మాడ్యూల్ లేదట. రిక్వైర్‌మెంట్స్ ఫైలులో అన్నీ పిన్ చేశారా అంటే చేశామన్నాడు. నిజమే, లెక్కల లైబ్రరీ నంపై 1.24 దగ్గరనుంచి ప్రతిదానికీ వెర్షన్ నంబర్ రాసి ఉంది. మరి బిల్డ్ జరిగే వాతావరణాన్ని ఎలా కట్టాలో రాసి ఉండే డాకర్‌ఫైల్ మొదటి లైను చదవమన్నాను. "ఫ్రమ్ పైథాన్ 3" అని ఉంది. 3 పక్కన ఏమీ లేదు. ఆ అక్టోబరులో పైథాన్ 3.12 వచ్చింది, ఆ ట్యాగు 3.11 నుంచి 3.12కి జరిగిపోయింది. 3.12లో డిస్ట్‌యుటిల్స్ లేదు, 3.10 నుంచే డెప్రికేటెడ్ అన్నారు, 3.12లో తీసేశారు. నంపై 1.24కి 3.12 కోసం ముందే బిల్డ్ చేసిపెట్టిన వీల్ ఫైలు లేదు కాబట్టి లైబ్రరీలు దించే టూల్ పిప్ దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేయబోయింది, ఆ సోర్స్‌కు డిస్ట్‌యుటిల్స్ కావాలి. ఇంట్లో ప్రతి గదికీ తాళం వేసి వీధి తలుపు తెరిచి పెట్టారన్నమాట.

సీ భాషకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఇప్పుడు అక్కడ పెద్ద మార్పు నడుస్తోంది. పాత సీలో ఒక ఫంక్షన్‌ను ముందుగా పరిచయం చేయకుండానే పిలవొచ్చు. కంపైలర్ "ఇది ఇంట్, అంటే ఒక పూర్ణసంఖ్య, తిరిగిస్తుందిలే" అని తనే అనుకుంటుంది. 1999 ప్రమాణంలో దీన్ని తీసేశారు. అయినా జిసిసి ఇరవై అయిదేళ్ళు ఎర్రర్ చేయకుండా సరిపెట్టుకుంది. 2023లో ఇంకో సీ కంపైలర్ క్లాంగ్ 16, 2024 మేలో జిసిసి 14 దీన్ని ఎర్రర్ చేశాయి.

ఎందుకు చేశారో ఒక ఉదాహరణ చూడండి. 'స్టర్‌డప్' అనే ఫంక్షన్ ఉంది, స్ట్రింగ్‌కు కాపీ తీసి దాని అడ్రస్ ఇస్తుంది. హెడ్డర్ పెట్టడం మర్చిపోయారు. కంపైలర్ ఇంట్ అనుకుంది. 32 బిట్ల కాలంలో ఇంట్ నాలుగు బైట్లు, అడ్రస్ నాలుగు బైట్లు. ఏ గొడవా లేదు. 64 బిట్ల మిషన్‌లో అడ్రస్ ఎనిమిది బైట్లు, ఇంట్ మాత్రం ఇంకా నాలుగే. పై సగం కోసేసి కింది సగం చేతిలో పెడుతుంది. పదంకెల ఫోన్ నంబరులో చివరి అయిదు అంకెలు రాసుకున్నట్టు. ఇంకా ఘోరం ఏంటంటే, అడ్రస్ చిన్నదైతే పై సగం సున్నాలే కాబట్టి పనిచేసేస్తుంది. మీ టేబుల్ మీద పనిచేస్తుంది, టెస్టింగ్‌లో పనిచేస్తుంది, కస్టమర్ దగ్గర చస్తుంది. ఇలాంటి దాన్ని హెచ్చరికగా ఉంచడం దయ కాదు. కాబట్టి ఎర్రర్ చేసినవాళ్ళ పక్షాన్నే ఉంటాను.

అయితే దీని దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా డౌన్‌లోడ్ చేస్తే కాన్ఫిగర్ అని ఒక స్క్రిప్టు ఉంటుంది కదా, గబగబా వందల లైన్లు అచ్చువేస్తుంది, "ఫలానాది ఉందా, ఉంది", "ఫలానాది ఉందా, లేదు" అని. అది ఎలా కనుక్కుంటుంది? ఒక చిన్న సీ ప్రోగ్రాం రాసి కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ అయితే ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఈ స్క్రిప్టులను తయారుచేసే టూల్ ఆటోకాన్ఫ్, దాని 2.13 కాలపు స్క్రిప్టులు అసలు కంపైలర్ పనిచేస్తోందా అని చూడటానికి రాసే ప్రోగ్రాం ఒక్క లైనే, మెయిన్ రాసి సున్నా తిరిగిస్తుంది. మెయిన్ ముందు ఇంట్ అని రాయరు, ఆ కాలంలో అక్కర్లేదు. జిసిసి 14 దాన్ని ఒప్పుకోదు. అప్పుడు కాన్ఫిగర్ ఏమంటుందో తెలుసా? "ఈ సీ కంపైలర్ ప్రోగ్రాములు తయారు చేయలేదు" అంటుంది. తప్పు తన ప్రశ్నలో ఉంది, నింద కంపైలర్ మీద. అత్త మీద కోపం దుత్త మీద. మా కుర్రాళ్ళు దాన్ని చూసి జిసిసిని రెండుసార్లు తీసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారు.

ఇది గట్టిగా ఏడ్చే బిల్డ్, కాబట్టి నయం. ఏడవని బిల్డ్ ఉంది, దానికి భయపడాలి. మెయిన్ సరిగ్గానే రాశారు, కానీ మధ్యలో ఒక పరీక్ష ప్రోగ్రాంలో ఎగ్జిట్ అనే ఫంక్షన్‌ను హెడ్డర్ లేకుండా పిలిచారు. పాత కంపైలర్‌లో హెచ్చరిక వచ్చేది, అది లాగ్ ఫైలులోకి పోయేది, జవాబు "ఉంది". కొత్త కంపైలర్‌లో ఎర్రర్, జవాబు "లేదు". సిస్టంలో ఆ సదుపాయం నిక్షేపంగా ఉంది. స్క్రిప్టు మాత్రం లేదనుకుని, ఆ భాగం వదిలేసి మిగతాది బిల్డ్ చేస్తుంది. బిల్డ్ విజయవంతం! ఆకుపచ్చ టిక్కు! తయారైన ప్రోగ్రాంలో ఒక ఫీచర్ మాయం, లేదా ఒక భద్రతా తనిఖీ మాయం. వందల లైన్లలో ఒక్క "ఉంది" కాస్తా "లేదు" అయింది, ఎవరు చూస్తారు? అందుకే ఫెడోరా, జెంటూ లాంటి డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళు జిసిసి 14కు ముందు తమ ప్యాకేజీలను వరుసగా తిరగేసి ఇలాంటి స్క్రిప్టులను పట్టుకుని సరిచేస్తూ వచ్చారు. ఆ పని చేసినవాళ్ళకు ఎవరూ దండలు వేయలేదు, కానీ మీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంటే వాళ్ళ చెమట అందులో ఉంది.

జిసిసి 15 ఇంకో అడుగు వేసింది, డిఫాల్ట్ సీ23. అందులో 'బూల్' అనేది కీవర్డు. పాత కోడ్ సగంలో "టైప్‌డెఫ్ ఇంట్ బూల్" అని ఎవరికి వాళ్ళు రాసుకున్నదే ఉంటుంది, అది ఇక ఎర్రర్. మీకు చాలాకాలం పని దొరుకుతుంది, బెంగపడకండి. [నవ్వులు]

మన తెలుగులో కూడా ఇది జరిగింది. అరసున్న, బండి 'ఱ'. ఈ రోజుల్లో మనం రాసే మామూలు తెలుగులో అవి దాదాపు కనపడవు. అరసున్న ఎక్కడ పెట్టాలో నాకైతే తెలియదు. అంటే డెప్రికేటెడ్. కానీ మా తాతగారి పెట్టెలో ఉన్న పుస్తకం తెరిస్తే రెండూ కనిపిస్తాయి, చదవగలను. యూనికోడ్‌లో రెండింటికీ స్థానం ఉంది. ఒకసారి ఎక్కించిన అక్షరాన్ని తీసేయకూడదని యూనికోడ్ వాళ్ళు నియమం పెట్టుకున్నారు. రేపు వాటిని తీసేస్తే పాత పుస్తకాల డిజిటల్ ప్రతుల్లో డబ్బాలు కనపడతాయి. కొత్తగా రాయొద్దు అనడం వేరు, పాతది చదవను అనడం వేరు. ఈ రెంటినీ విడదీసిన భాష రస్ట్. 2018లో రెండు భాషలు ఒకే మాటను లాక్కున్నాయి, 'అసింక్'. పైథాన్ 3.7 దాన్ని కీవర్డు చేసింది. అప్పటిదాకా ఆ పేరు వేరియబుల్‌కో మాడ్యూల్‌కో పెట్టుకున్న వాళ్ళందరికీ సింటాక్స్ ఎర్రర్. సెలెరీ అనే పేరున్న లైబ్రరీ కూడా తన మాడ్యూల్ పేరు 'అసింక్రొనస్' అని మార్చుకోవాల్సి వచ్చింది. రస్ట్ అదే ఏడాది అదే మాటను కీవర్డు చేసింది, కానీ 2018 ఎడిషన్ అని రాసుకున్న ప్రాజెక్టులకు మాత్రమే. 2015 ఎడిషన్ ప్రాజెక్టులో అసింక్ అనే పేరుతో ఫంక్షన్ ఉన్నా ఈ రోజు కంపైలర్ తీసుకుంటుంది, రెండు రకాల ప్రాజెక్టులూ కలిసి ఒకే ప్రోగ్రాంలో కూర్చుంటాయి. నాకిది బాగా నచ్చిన పద్ధతి. ఖర్చు లేకపోలేదు. ఆ కంపైలర్ రాసేవాళ్ళు పాత వ్యాకరణాలన్నీ మోస్తూ ఉండాలి.

జావా ఇంకో దారి. థ్రెడ్‌ను నడుమన చంపే 'స్టాప్' మెథడ్‌ను 1998లోనే డెప్రికేట్ చేశారు. అది పూర్తిగా పనిచేయడం మానేసింది 2023లో, జావా 20లో. అప్పటికీ పేరు తీయలేదు, పిలిస్తే ఎక్సెప్షన్ విసిరేలా చేశారు. అదే జావాలో ఎక్స్ఎంఎల్ చదివే జాక్స్‌బీని 2017లో డెప్రికేట్ చేసి 2018లో జావా 11లో తీసేశారు. ఒక ఇంట్లోనే ఒకరికి పాతికేళ్ళు, ఒకరికి ఏడాది. బ్యాంకుల ప్రాజెక్టుల్లో ఉన్న మీ సీనియర్లను అడగండి, జావా 8 దాటలేకపోవడానికి కారణం అడిగితే మొదట వచ్చే పేర్లలో అది ఉంటుంది.

సరే, నేను ఆగుతాను. ప్రశ్నలుంటే అడగండి.

[సభలోంచి: సార్, డాకర్ ఇమేజ్ దాచుకుంటే ఇవన్నీ రావు కదా?]

మంచి ప్రశ్న. ఇమేజ్ దాచుకుంటే చాలావరకు రావు. కానీ మీలో చాలామంది దాచేది ఇమేజ్ కాదు, డాకర్‌ఫైల్. డాకర్‌ఫైల్ అంటే వంట చీటీ, వండిన అన్నం కాదు. దాంట్లో ప్యాకేజీలను నెట్ నుంచి దించే "యమ్ ఇన్‌స్టాల్" అని ఉంటుంది. సెంటాస్ 8 అనే లైనక్స్‌కు 2021 చివరితో గడువు తీరింది, మర్నెల చివర్లో ప్యాకేజీలను మామూలు సర్వర్ల నుంచి వాల్ట్ అనే పాత సామాన్ల గదికి తరలించారు. అప్పటి డాకర్‌ఫైళ్ళన్నీ ఆ లైను దగ్గర ఆగాయి. ఇమేజ్‌ను టార్ ఫైలుగా తీసి, రిలీజ్ పక్కనే పెట్టండి. డిస్క్ చవక.

[సభలోంచి: పాత కోడ్ బిల్డ్ కాకపోతే ఫ్లాగులు పెట్టి దాటేయొచ్చా సార్? ఎఫ్-పర్మిసివ్ లాంటివి?]

పెట్టొచ్చమ్మా. నేనూ పెడతాను. ఎఫ్-కామన్ పెడితే ఆ వైవైలాక్ గొడవ పోతుంది. సీ ప్రమాణాన్ని గ్నూ89, అంటే పాత కాలపు సీ, అని అడిగితే చాలా పాతవి కదులుతాయి. ఇందాకటి కాన్ఫిగర్ పరీక్షలకు కూడా అవే ఫ్లాగులు అందాలి, అది మర్చిపోతే ఫైళ్ళు కంపైల్ అవుతాయి, జవాబులు తప్పు వస్తాయి. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఏ హెచ్చరికను నోరు మూయిస్తున్నారో చదివి మూయించండి. పాయింటర్‌ను ఇంట్‌గా కోసే హెచ్చరికను మూయించారంటే, స్టర్‌డప్ కథ మీ ఇంటికే వస్తుంది. ఇంకోటి, పాత ప్రాజెక్టుల్లో కొందరు హెచ్చరికలన్నిటినీ ఎర్రర్లుగా మార్చే ఫ్లాగు పెట్టి వదిలేస్తారు. క్రమశిక్షణ అనుకుని పెట్టింది. కొత్త కంపైలర్ కొత్త హెచ్చరిక నేర్చుకున్న రోజున, భాషలో ఏదీ తీసేయకపోయినా ఆ బిల్డ్ చస్తుంది. ఆ ఫ్లాగు మీ మిషన్‌లో ఉంచుకోండి, లోకానికిచ్చే కాపీలో తీసేయండి.

[సభలోంచి: మరి ఆ పెట్టె ఏమైంది సార్?]

రెండో రోజు రాత్రి పదకొండుకు బిల్డ్ అయింది. కస్టమర్‌కు పంపేముందు ఇంకో రెండు రోజులు పరీక్షించాం, ఎందుకంటే మేం మార్చింది ఒక లైను అని చెప్పుకోవడానికి వీల్లేదు కదా. ప్యాచుల ఫోల్డర్‌లో లెక్కపెడితే మొత్తం పదకొండు మార్పులు. అందులో లోపం సరిచేసింది ఒకటి. మిగతా పది, ఆ ఒకటి చేయగలగడానికి.

తర్వాత పాత మిషన్ హార్డ్ డిస్క్‌ను బయటికి తీయించాం. డిస్క్ బతికే ఉంది, పోయింది మదర్‌బోర్డు. దాన్ని మొత్తంగా వర్చువల్ మిషన్‌గా మార్చి పెట్టాను. పాత పెర్ల్, పాత జిసిసి, అన్నీ అలాగే ఉన్నాయి. మేక్ కొడితే నలభై నిమిషాల్లో ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయింది, మా రెండు రోజుల పని. ఆ ఫైలుకు పేరు ఏం పెట్టాలా అని ఆలోచించి, చివరికి "ఆపకండి" అనే పెట్టాను.